అయ్యగారు మూడు నెలల సెలవు అడిగితే కమిటీ ఏమి చేయాలి

మీరు అడిగినదాన్ని ముందు రెండు మాటల్లో చెబుతాను, ఇది చదివే మిగతా సంఘాల వారికి కూడా అర్థం కావాలి. మిర్యాలగూడ వైపు ఒక చిన్న పట్టణం. పట్టణంలో గుడి (చర్చి), చుట్టూ ఏడు గ్రామాల్లో కూడికలు. అన్నింటికీ ఒకే పాస్టరు గారు, పదకొండేళ్లుగా. ఆయన ఇప్పుడు జీతంతో మూడు నెలల విశ్రాంతి సెలవు అడిగారు. కమిటీలో కొందరు ‘దేవుని సేవకు సెలవేమిటి, ఇంట్లో కూర్చోబెట్టి జీతమివ్వాలా’ అంటున్నారు. మరికొందరు ‘పాపం, వెళ్లనివ్వండి, కానీ ఆదివారాలు ఎవరు చూస్తారు’ అంటున్నారు. కార్యదర్శిగా మీరు మధ్యలో చిక్కుకున్నారు.

నా జవాబు: ఇవ్వండి. ఆయన మీద జాలితో మాత్రం ఇవ్వకండి. నేను పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత కొన్ని సంఘాలకు ఇలాంటి సెలవులు ఏర్పాటు చేసుకోవడంలో సాయం చేస్తున్నాను. కొన్ని బాగా జరిగాయి, కొన్ని చెడిపోయాయి. పాస్టరు ఎక్కడికి వెళ్లారు, ఏమి చదివారు అన్నదానివల్ల చెడిపోయినది ఒక్కటీ లేదు. ఆయన లేనప్పుడు ఎవరు ఏమి చేయాలో సంఘం ముందుగా తేల్చుకోకపోవడం వల్లే చెడ్డాయి. అందుకే కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం పాస్టరు గారి కోసం రాసింది కాదు, మీ కోసం.

ముందు, సెలవేమిటి అంటున్న పెద్దల సంగతి. వారిని లోకజ్ఞానంతో ఒప్పించబోకండి, వాక్యంతోనే మాట్లాడండి. లేవీయకాండం 25వ అధ్యాయంలో ఏడో ఏట పొలం దున్నకుండా వదిలేయాలన్న ఆజ్ఞ ఉంది. ‘విత్తకపోతే, పంట కూర్చకపోతే ఏడో ఏట ఏమి తింటాం’ అని మీ కమిటీ అడిగే ప్రశ్న అదే అధ్యాయం 20వ వచనంలో ఉంది. అంటే ఆ భయం కొత్తది కాదు, దేవుడు ముందే ఊహించి జవాబు చెప్పిన భయం. నిర్గమకాండం 23వ అధ్యాయం ఇంకో మాట చేర్చింది: ఆ ఏడు పొలంలో దానంతటదే మొలిచినదాన్ని బీదలు తినాలి. విశ్రాంతి ఏడు యజమాని ఒక్కడి సుఖం కోసం కాదన్నమాట. ఇక రెండో దినవృత్తాంతాల చివరి అధ్యాయం తీయండి. ఇవ్వని విశ్రాంతి సంవత్సరాలను భూమి తానే, ఒక్కసారిగా, డెబ్బై ఏళ్లు తీసుకుందని అక్కడ రాసి ఉంది. ఇవ్వాల్సిన విశ్రాంతి ఇవ్వకపోతే అది మాయమైపోదు. పాస్టర్ల విషయంలో అది గుండెపోటుగానో, మధుమేహంగానో, మంచి మనిషి ఉన్నట్టుండి అందరి మీదా విరుచుకుపడటంగానో వస్తుంది. మందిర సేవ చేసే లేవీయులైతే యాభై ఏళ్లకు బరువు పని మానేసి సోదరులకు తోడుగా ఉంటే చాలని సంఖ్యాకాండం 8వ అధ్యాయం చెబుతోంది. మీ పాస్టరు గారి వయసు మీరు రాయలేదు. ఎంతో ఒకసారి లెక్క వేసుకోండి.

‘ఇదంతా విదేశీ అలవాటు’ అనే మాట కూడా తప్పకుండా వస్తుంది. దానికి నా దగ్గర పాత జవాబు ఉంది. మన జిల్లాల్లో మిషన్ కాంపౌండ్లు కట్టిన మిషనరీ దొరల జీవితాన్ని గుర్తు చేయండి. 1889లో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో పని చేశారు. ఆ తర్వాత అమెరికన్ మెన్నోనైట్ బ్రదరన్ అనే సంఘశాఖ వారు దేవరకొండ, వనపర్తి, మహబూబ్‌నగర్, గద్వాల వరకు విస్తరించారు. 1899లో అమెరికా నుంచి వచ్చిన ఎన్.ఎన్. హీబర్ట్ జబ్బుపడి కొద్ది కాలానికే తిరిగి వెళ్లిపోవలసి వచ్చింది. మనిషి శరీరానికి ఒక హద్దు ఉందని మిషన్ బోర్డులు అలాంటి నష్టాలతోనే నేర్చుకున్నాయి. అందుకే కొన్నేళ్లకొకసారి ఫర్లో అనే దీర్ఘ సెలవు ఇచ్చేవారు, ఓడెక్కి స్వదేశానికి పంపేవారు. ఎండాకాలంలో కొడైకెనాల్, ఊటీ ఉండనే ఉన్నాయి. దొర ఫర్లోలో ఉన్నప్పుడు ఊళ్లలో సంఘాలను ఎవరు నడిపారు? మన బోధకులు, ఇళ్లకు వెళ్లి స్త్రీలకు వాక్యం చెప్పిన మన బైబిలు స్త్రీలు. దొరలు వెళ్లిపోయాక బంగళాలు మనకొచ్చాయి, పదవులొచ్చాయి, ఆస్తి తగాదాలు కూడా వచ్చాయి. ఫర్లో మాత్రం మన పాస్టర్ల దాకా రాలేదు. దొరలకు అవసరమైన విశ్రాంతి మనవాళ్లకు విలాసం ఎలా అయిందో ఆ పెద్దలనే అడగండి. (ఫర్లో అంటే పూర్తి విశ్రాంతి అనుకోకండి. అక్కడ ఊరూరా తిరిగి చందాలు కూడబెట్టే పని చాలామందికి తప్పేది కాదు. మన పాస్టర్లకు ఆ భాగం అక్కర్లేదు.)

కతోలిక సోదరులకు ఈ విషయం చట్టంలోనే ఉంది. నల్లగొండ 1976 నుంచి వారికి ప్రత్యేక మేత్రాసనం (బిషప్ కింద ఉండే ప్రాంతం). వారి 1983 నాటి ధర్మశాస్త్ర స్మృతిలోని 533వ నియమం ప్రకారం విచారణ గురువు (స్థానిక సంఘాన్ని చూసే ఫాదర్) ఏటా ఒక నెల వరకు సెలవు మీద తన సంఘానికి దూరంగా ఉండవచ్చు, ఏటా ప్రార్థనలో ఏకాంతంగా గడిపే ధ్యానవడకం రోజులు ఆ నెలలోకి రావు. బ్రిటన్‌లోని మెథడిస్టు సంఘం తన సేవకులకు మొదట పదేళ్ల సేవ తర్వాత, ఆపై ఏడేళ్లకొకసారి మూడు నెలల విశ్రాంతి సెలవు ఇస్తుంది. మెదక్ ప్రాంతానికి పాస్నెట్ వంటి మిషనరీలను పంపింది ఆ మెథడిస్టులే. అమెరికాలో లిల్లీ ఎండోమెంట్ అనే నిధి సంఘాలకు ఇందుకోసం డబ్బే ఇస్తుంది. చాలాకాలం ఆ మొత్తం 50 వేల డాలర్ల దాకా ఉండేది, అందులో 15 వేల వరకు పాస్టరు లేని రోజుల్లో సంఘం తన కోసం ఖర్చు పెట్టుకోవడానికే. ఆ డాలర్లు మనకు రావు, వద్దు కూడా. కానీ ఆ రెండో అంకె వెనక ఉన్న ఆలోచన గమనించండి. పాస్టరు సెలవులో ఉన్న మూడు నెలల్లో సంఘానికీ చేయవలసిన పని ఒకటుందని వారు గుర్తించారు.

పాస్టరును అలసిపోయేలా చేసేది ప్రసంగం కాదు. పదకొండేళ్లు ఒకే చోట ఉన్నవారికి ప్రసంగం చేతికి అలవాటైన పని. అలసట అంతా ఎప్పుడు ఎవరు పిలిచినా అందుబాటులో ఉండవలసి రావడంలో ఉంది. కూలికి వెళ్లినవారు చీకటి పడ్డాక గానీ ఇంటికి రారు కాబట్టి గ్రామాల్లో కుటుంబ ప్రార్థనలు రాత్రి ఎనిమిదికి మొదలవుతాయి, ఆయన బండి మీద ఇల్లు చేరేసరికి పదకొండు. తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి ఫోను. మధ్యాహ్నం సమాధుల తోట హద్దు గురించి పక్క పొలం వారితో పంచాయతీ. సాయంత్రం ఒక పెళ్లి సంబంధం ఇరువైపులా మాట్లాడి పెట్టాలి. సోమవారం ఆయనకు సెలవని కాగితం మీద ఉంటుంది, సోమవారమే అందరికీ ఆయన ఇంట్లో దొరుకుతారు. ఇది వారానికో రోజు విశ్రాంతితో తీరే బరువు కాదు, ఎందుకంటే ఆ రోజు కూడా ఆయన చెవి ఫోను మీదే ఉంటుంది. ఆరు వారాలు గడిస్తే గానీ ఆ చెవి మామూలు స్థితికి రాదని సెలవు తీసుకున్నవారిలో పలువురు నాతో అన్నారు. నెల రోజులు చాలవా అని మీ కోశాధికారి అడిగితే చెప్పవలసిన మాట ఇదే.

ఎప్పుడు పంపాలి? మీది సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం. మే మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం వరకు బాగుంటుంది. ఈస్టరు, పిల్లల సెలవు బైబిలు పాఠశాల, పెళ్లిళ్లలో ఎక్కువ భాగం అప్పటికి అయిపోతాయి. జూన్ రెండో వారంలో బడులు తెరిచేదాకా పిల్లలు కూడా తల్లిదండ్రులతో ఉండగలరు. తర్వాత పత్తి విత్తనాలు, నాట్లు, కలుపులు, ఎలాగూ గ్రామాల్లో సాయంత్రపు కూడికలు పలచబడతాయి. కోత పండుగకు, క్రిస్మస్‌కు ఆయన తిరిగి వచ్చి ఉంటారు. పాలమూరు మెట్ట ప్రాంతపు సంఘానికి ఇదే లెక్క చెప్పను. అక్కడ బొంబాయి, పుణె వలస వెళ్లినవారు ఊళ్లో ఉండేదే వానకాలం, పాస్టరు వారిని చూడగలిగేదీ అప్పుడే. అక్కడ జనవరిలో పంపి, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల శుక్రవారాల కూడికలు పెద్దలే నడుపుకోవడం మేలు. ఎక్కడైనా సరే, కమిటీ ఎన్నికల ఏడాదిలో పంపకండి. గుడి స్థలం మీద కోర్టు వ్యవహారం నడుస్తున్నప్పుడూ వద్దు. పాస్టరు లేని సమయం చూసి బల్ల తిప్పేసేవారు ప్రతి సంఘంలోనూ ఇద్దరైనా ఉంటారు, మీ సంఘంలో వారెవరో మీకు నాకంటే బాగా తెలుసు.

డబ్బు విషయం అనుకున్నంత పెద్దది కాదు. జీతం ఎలాగూ ఇస్తున్నదే, అది కొత్త ఖర్చు కాదు. మూడు నెలల్లో పదమూడు ఆదివారాలు. ఎనిమిది ఆదివారాలు మీ సంఘస్థులే వాక్యం చెబితే బయటివారు అయిదుగురు చాలు. ఒక్కొక్కరికి ప్రయాణంతో కలిపి 1,500 రూపాయలు వేసుకున్నా 7,500. గ్రామాలకు వెళ్లే పెద్దల పెట్రోలుకు నెలకు మూడు వేల చొప్పున తొమ్మిది వేలు. పాస్టరు దంపతులకు పూర్తి ఆరోగ్య పరీక్షలకు ఒక అయిదు వేలు, ప్రయాణ సాయంగా పదిహేను వేలు. అంతా కలిపి 36,500. నెలకు వెయ్యి రూపాయలు పక్కన పెట్టే సంఘం మూడేళ్లలో దాదాపు ఈ మొత్తం కూడబెట్టగలదు. మీ దగ్గర పక్కన పెట్టిన డబ్బు లేదు కాబట్టి ఈసారి కోత పండుగకు కానుకగా తెచ్చిన పంటల వేలంలో వచ్చినదాంట్లో కొంత దీనికని ముందే ప్రకటించండి. గుమ్మడికాయను వెయ్యి రూపాయలకు పాడుకునేవారు ఎందుకు పాడుతున్నారో తెలిస్తే ఇంకో వంద ఎక్కువే పాడతారు. ఒక్క జాగ్రత్త: ఆయనకు ఇచ్చే పెట్రోలు భత్యం ఆ మూడు నెలలు ఎవరు తిరిగితే వారికి మారాలి, ఇంటి భత్యం, పిల్లల చదువు సాయం మాత్రం ముట్టుకోకూడదు. ఇవన్నీ మినిట్స్ పుస్తకంలో అంకెలతో రాసి ఉండాలి. నోటిమాట మీద ఇచ్చిన సెలవు మొదటి గొడవకే దానం చేసినట్టు మారిపోతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం: చావులు.

మూడు నెలల్లో మీ సంఘంలో ఎవరో ఒకరు చనిపోతారు. ఆ ఇంటివారు ‘మా అయ్యగారే వచ్చి మట్టి వేయాలి’ అంటారు, ఆయన ఎక్కడున్నా ఫోను చేస్తారు, ఆయన వస్తారు. సెలవు అక్కడితో అయిపోయినట్టే. ముందుగానే గుడిలో అందరి ఎదుట ప్రకటించండి: ఈ మూడు నెలల్లో భూస్థాపనలు ఫలానా పొరుగు పాస్టరు గారు, మన పెద్దలు కలిసి జరిపిస్తారు, అయ్యగారు సెలవు నుంచి వచ్చాక ఆ ఇంటికి వెళ్లి ఆదరణ కూడిక పెడతారు. దీనికి మినహాయింపు ఉండకూడదు. కోశాధికారి గారి తల్లి అయినా సరే. నేను కఠినంగా మాట్లాడుతున్నానని అనిపించవచ్చు, కారణం వినండి. మినహాయింపు పెడితే అది ఎవరికి దక్కుతుంది? కారు పంపి ఆయనను రప్పించగల ఇంటికి. తండాలో చనిపోయిన ముసలమ్మ కోసం ఎవరూ కారు పంపరు. సెలవు రోజుల్లో కొందరి చావుకు వచ్చి కొందరి చావుకు రాని పాస్టరు తిరిగి వచ్చాక ఆ తండాలో మొహం ఎలా చూపించగలడు?

ఫోను గురించి కూడా ఇలాగే తేల్చండి. సంఘపు వాట్సాప్ గ్రూపు నుంచి ఆయన బయటికి రావాలి, గ్రూపు మీ చేతికి ఇవ్వాలి. ఆయన కొత్త నంబరు ఒకే ఒక్క పెద్దకు తెలియాలి. ఆ పెద్ద మాట పట్టుకోగలవాడై ఉండాలి, మెతక మనిషిని పెట్టకండి. ఎవరు అడిగినా ‘నాతో చెప్పండి, అవసరమైతే నేను చెబుతాను’ అని, తర్వాత చెప్పకుండా ఉండగలిగేవాడు కావాలి.

పాస్టరు గారి భార్యను మీ ఉత్తరంలో ఎక్కడా ప్రస్తావించలేదు. అందరూ ఇక్కడే తప్పిపోతారు. అయ్యగారు ఒక్కరే ఎక్కడికో వెళ్లి, అమ్మగారు పాస్టరు బంగళాలోనే ఉంటే ఏమవుతుందో నేను చూశాను. తలుపు తట్టేవారు తగ్గరు, పైగా ఇంతకుముందు ఇద్దరు పంచుకున్న పని ఆమె ఒక్కరి మీద పడుతుంది. స్త్రీల కూడిక, జబ్బు చేసినవారి ఇళ్లు, వచ్చేవారికి టీలు, అన్నీ ఆమెకే. కాబట్టి సెలవు ఇద్దరికీ అని తీర్మానంలో రాయండి. స్త్రీల సమాజాన్ని ఆ మూడు నెలలు వేరొకరు నడపాలి. ఆమె ఉద్యోగం వల్లో పిల్లల బడి వల్లో ఊరు విడిచి వెళ్లలేకపోతే కనీసం మనుషులు బంగళాకు రాకుండా ఉండాలి. ప్రార్థన కోరికలు గుడి దగ్గర పెట్టెలో వేయమని చెప్పండి.

ఆయన ఈ మూడు నెలలూ ఏమి చేయాలన్నది కమిటీ పట్టించుకోవలసిన విషయాల్లో చివరిది. ఒక పేజీలో ఆయనే రాసిస్తే చాలు. బదరీ చెట్టు కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. దేవుని కొండ హోరేబుకు ప్రయాణం ఆ తర్వాత సంగతి. కాబట్టి మొదటి రెండు మూడు వారాలు నిద్ర, వైద్య పరీక్షలు, పిల్లలు. తర్వాత చదువుకోవాలనిపిస్తే 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల దగ్గరలోనే ఉంది. అక్కడి గ్రంథాలయంలో కొన్నాళ్లు కూర్చోవచ్చు. మౌనంగా గడపాలంటే తమిళనాడులో తిరుపత్తూరు దగ్గర 1921లో మొదలైన క్రిస్తుకుల ఆశ్రమం ఉంది, ముందుగా ఉత్తరం రాసి కనుక్కోవాలి. తాతల ఊరు వెళ్లి మామిడితోటలో మంచం వేసుకుని పడుకుంటానన్నా నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం కాగితం మీద నిషేధించండి: కువైట్, దుబాయ్ తెలుగు సంఘాల కూటములకు ప్రసంగీకుడిగా వెళ్లడం, చందాల కోసం విదేశాలు తిరగడం. అది పని చేసే చోటు మారడమే. తిరిగి వచ్చాక ‘అయ్యగారు మన జీతంతో బయట సంపాదించుకుని వచ్చారు’ అన్న మాట పుడుతుంది, అది ఇక చావదు.

సంఘం వైపు చూస్తే, ఆ పదమూడు ఆదివారాల్లో పేరున్న ప్రసంగీకులను వరుసగా పిలిచి పండుగ చేయాలన్న ఉత్సాహం మీ యువకులకు వస్తుంది. ఒప్పుకోకండి. మీ సంఘంలో రిటైరైన టీచర్లు ఉంటారు, ఆశా కార్యకర్తలు ఉంటారు, పదేళ్లుగా వెనక వరుసలో కూర్చుని పెన్నుతో బైబిలు గీసుకునే ఆర్టీసీ కండక్టర్ ఒకరుంటారు. వారికి ఆదివారాలు ఇవ్వండి, రెండు నెలల ముందే ఇవ్వండి, పాస్టరు గారు వెళ్లేలోపు ఒకసారి వారితో కూర్చుని వాక్యభాగం ఎలా సిద్ధం చేసుకోవాలో చూపిస్తారు. మొదటి ప్రసంగం పది నిమిషాలకే అయిపోతుంది, ఎవరూ నవ్వకుండా చూడండి. ప్రభు సంస్కారం మాత్రం అభిషిక్తులే ఇవ్వాలన్న నియమం మీ సంఘానికి ఉంటే నెలకొకసారి పొరుగు పాస్టరు గారిని అడగండి, ఆ తేదీలు ముందే రాసి పెట్టుకోండి. గ్రామాల్లో ఒక్కో పెద్దకు ఒక్కో ఊరు ఒప్పగించండి. పూర్వం బోధకుడూ బైబిలు స్త్రీలూ నడిపిన ఊళ్లే కదా ఇవి, వారి మనవలు ఇంకా అక్కడే ఉన్నారు.

రెండు భయాలు ఎవరూ బయటికి చెప్పరు, నేనే చెబుతాను. మీ భయం, ఆయన లేని మూడు నెలల్లో కొన్ని కుటుంబాలు పక్క వీధిలోని స్వతంత్ర ప్రార్థనా మందిరానికి వెళ్లిపోతాయని. ఒకటి రెండు వెళ్లవచ్చు. అవి ఆయన ఉన్నప్పుడే సగం వెళ్లిన కుటుంబాలై ఉంటాయి, కనుక్కోండి. ఆయన భయం ఇంకా లోతైనది: నేను లేకుండా కూడా వీళ్లకు జరిగిపోతే? సొంతంగా మందిరం కట్టుకున్న పాస్టర్లలో ఈ భయం మరీ ఎక్కువ, కానుకే వారి జీతం కాబట్టి. వారికి మూడు నెలలు సాధ్యం కాదు. పక్క ఊళ్లోని మరో ఇద్దరు పాస్టర్లతో ఒప్పందం చేసుకుని ఒకరి మందిరం ఒకరు నెల చొప్పున చూసుకోవచ్చు, ఆ నెల కానుక ఆ ఇంటికే చేరాలి. మీ పాస్టరు గారికి ఆ భయం ఉందనుకుంటే సెలవుకు ముందే సంఘం ఎదుట ఆయన ఇక్కడే కొనసాగుతారని స్పష్టంగా చెప్పండి. బదిలీ ఉత్తర్వు సెలవులో ఉండగా రాకూడదని పై అధికారులతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి. రెండు చోట్ల మధ్య బదిలీ సమయంలో ఈ సెలవు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. పాస్టరుకు అది హాయే, ఫోను చేసేవారు ఉండరు. కానీ అందులో పాత సంఘమూ ఏమీ నేర్చుకోదు, కొత్త సంఘమూ నేర్చుకోదు. అందుకే నాకది నచ్చదు.

తిరిగి వచ్చే వారం ఆదివారం ఆయన చేత ప్రసంగం చేయించకండి. వచ్చి సంఘంలో కూర్చోనివ్వండి, మీ కండక్టర్ గారి వాక్యం ఆయన కూడా వినాలి. ఆ వారంలోనే పెద్దలు ఆయనతో కూర్చుని ఎవరు చనిపోయారు, ఎవరు పుట్టారు, ఎక్కడ గొడవైంది, కానుకలు ఎంత వచ్చాయి అన్నీ చెప్పాలి. తర్వాత ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ మూడు నెలల్లో మేము చేసిన పనుల్లో ఏవి మా దగ్గరే ఉంచుతారు? అన్నీ వెనక్కి తీసుకునే పాస్టరు ఆరు నెలల్లో మళ్లీ అదే అలసటకు చేరతాడు. మూడు గ్రామాల వారపు కూడికలైనా పెద్దల దగ్గరే ఉండిపోతే మీరు ఖర్చు పెట్టిన 36 వేలూ ఎన్నో రెట్లు తిరిగి వచ్చినట్టు.

ఇక మీ కమిటీ సమావేశానికి తీర్మానం ఇలా రాసుకోండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పాస్టరు దంపతులకు పూర్తి జీతభత్యాలతో విశ్రాంతి సెలవు, ఆ కాలానికి బాధ్యుడు ఫలానా పెద్ద, భూస్థాపనలకూ సంస్కారానికీ ఫలానా పొరుగు పాస్టరు గారు, ఖర్చు ఇంతకు మించకూడదు, ఇకపై ప్రతి ఏడేళ్ల సేవకూ ఇదే వర్తిస్తుంది. చివరి వాక్యం మరిచిపోకండి. అది లేకపోతే తర్వాత వచ్చే పాస్టరు మళ్లీ చేయి చాచి అడగవలసి వస్తుంది. ఎజెండాలో దీన్ని మొదటి అంశంగా పెట్టండి, లెక్కల కంటే ముందు. లెక్కలు అయ్యాక మీ కమిటీలో ఎవరికీ ఓపిక మిగలదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.